వంద మంది వద్దు, పద్నాలుగు మంది చాలు: హన్మకొండలో ఫైర్‌ఫాక్స్ అనువాద శిబిరం పెట్టాలంటే

కాలేజీలో సాఫ్ట్‌వేర్ కార్యక్రమం అనగానే ముందు సెమినార్ హాలు అడుగుతారు. తర్వాత ఫ్లెక్సీ, బొకే, శాలువా, ముఖ్య అతిథి. ఆయన వచ్చేసరికి పదకొండు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు మెనూలు, బటన్ల మీది మాటలను తెలుగు చేసే పనికి ఇవేవీ అక్కరకు రావు. ఒక చిన్న ల్యాబు, పద్నాలుగు మంది రాసేవాళ్లు, వాళ్లు రాసింది చదివి ఔననో కాదనో తేల్చే ఇద్దరు ఉంటే చాలు. ఆ ఇద్దరు దొరకకపోతే మాత్రం తేదీ జరుపుకోవడమే మేలు.

పద్నాలుగే ఎందుకంటే లెక్క ఇది. కొత్తగా కూర్చున్న మనిషి గంటకు పది వాక్యాలు శుభ్రంగా చేస్తే గొప్ప. భోజనం, చాయ్, పరిచయాలు పోను రోజుకు నాలుగు గంటల పని మిగులుతుంది. అంటే పద్నాలుగు మందికి 560 వాక్యాలు. సమీక్షించే మనిషికి ఒక్కో వాక్యానికి నిమిషం పడుతుందనుకుంటే 560 నిమిషాలు, తొమ్మిది గంటలు దాటుతుంది. ఇద్దరు పంచుకుంటే తలా నాలుగు గంటల నలభై నిమిషాలు. ఆ రోజు పని ఆ రోజే తెగుతుంది. అదే వంద మందిని కూర్చోబెడితే నాలుగు వేల వాక్యాలు, 66 గంటల సమీక్ష. ఎవరూ చేయరు. అవి అక్కడే ఏళ్లకేళ్లు పడి ఉంటాయి.

2008 జూన్ 17న ఫైర్‌ఫాక్స్ 3 విడుదలైనప్పుడు ఒక్కరోజులో 80,02,530 డౌన్‌లోడ్లు జరిగి గిన్నిస్ రికార్డు వచ్చింది. అది తలలు లెక్కపెట్టే పండుగ, ఎంత మంది వస్తే అంత గొప్ప. అనువాదం అట్ల కాదు.

అసలు ఈ బ్రౌజరుకే ఎందుకు పనిచేయాలని ఎవరో ఒకరు అడుగుతారు, జవాబు దగ్గర పెట్టుకోండి. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా అన్నిటి లోపల ఉన్న ఇంజిను క్రోమియందే. యాపిల్ సఫారీది వెబ్‌కిట్. ఫైర్‌ఫాక్స్‌ది గెక్కో, వేరే వంశం. నెట్‌స్కేప్ తన సోర్స్ కోడును 1998 మార్చి 31న బయటపెట్టడంతో మొజిల్లా మొదలైంది, 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది. కోడు ఎవరైనా చూడవచ్చు, మార్చవచ్చు. భాషల పని మొదటి నుంచీ ఎక్కువగా వాలంటీర్లదే. ఐదు నిమిషాల్లో ఇంత చెప్పి ఆపేయాలి. స్లైడ్లు వేసి గంట చెప్తే పొద్దున పూట పోయినట్టే.

తేదీ విషయం. తెలంగాణ భాషా దినోత్సవం సెప్టెంబరు 9, కాళోజీ పుట్టినరోజు. దానికి దగ్గర్లో వచ్చే శనివారం బాగా కుదురుతుంది, కాలేజీ వాళ్లు కూడా తొందరగా ఒప్పుకుంటారు. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో పెట్టకండి, మధ్యాహ్నం దాటితే ఆడపిల్లలు ఒక్కరూ ఆగరు, ఆగమనడం న్యాయమూ కాదు. మేడారం జాతర ఏడాది అయితే మాఘంలో ఆ వారం ముందూ వెనకా వదిలేయండి, ఆర్టీసీ బస్సులు చాలావరకు అటే పోతాయి. మిడ్ పరీక్షల పట్టిక మాత్రం డిపార్ట్‌మెంట్ ఆఫీసులోనే అడగాలి, స్టూడెంట్లు చెప్పే తేదీలు నమ్మొద్దు. పెద్దపల్లి, మంచిర్యాల, జనగామ వాళ్లు కాజీపేటలో దిగి వస్తారు కాబట్టి పదింటికి మొదలుపెట్టి నాలుగింటికి ముగించాలి. ఐదున్నర దాకా సాగదీస్తే నాలుగు నుంచే బ్యాగులు సర్దుతారు.

రెండు వారాల ముందు చేయాల్సిన పని ఒకటుంది, అందరూ మరిచేదీ అదే. మొజిల్లా అనువాదాలు పాంటూన్ అనే వెబ్ పనిముట్టులో జరుగుతాయి. అందులో కొత్త ఖాతాతో రాసేదంతా సూచన కిందే పోతుంది. అనువాదకుడి హక్కు ఉన్నవాళ్లు ఆమోదిస్తే తప్ప అది బ్రౌజరులోకి రాదు. పాంటూన్‌లో తెలుగు జట్టు పేజీ తెరిస్తే మేనేజర్లు ఎవరో కనపడుతుంది. వాళ్లకు ముందే రాయండి: ఫలానా రోజు పద్నాలుగు మంది కూర్చుంటున్నాం, ఏ ప్రాజెక్టు ముందు చేయమంటారు, ఆ రోజు సమీక్షకు ఎవరు ఉంటారు, మాలో అనుభవం ఉన్న ఒకరికి హక్కు ఇస్తారా అని. చెప్పాపెట్టకుండా 500 సూచనలు కుమ్మరిస్తే, తీరిక దొరికినప్పుడు పనిచేసే ఆ మనిషికి మనం సాయం చేసినట్టు కాదు, బస్తా నెత్తిన పెట్టినట్టు.

ల్యాబు సారుతో మాట్లాడాల్సినవి మూడు. మొదటిది ఫైర్‌వాల్. చాలా కాలేజీల్లో తెలియని సైట్లు మూసి ఉంటాయి. పాంటూన్, మొజిల్లా ఖాతా, గొంతులు సేకరించే కామన్ వాయిస్, ఈ మూడు చిరునామాలూ ల్యాబు సిస్టం మీదే, స్టూడెంట్ లాగిన్‌తోనే తెరిచి చూడాలి. స్టాఫ్ లాగిన్‌తో చూసి అన్నీ వస్తున్నాయనుకుంటే ఆ రోజు పరువు పోతుంది. రెండోది కరెంటు. ల్యాప్‌టాప్ చార్జరు ఒక్కోటి 65 వాట్లు అనుకుంటే, సమీక్షకులతో కలిపి పదహారుకు 1040 వాట్లు, 230 వోల్టుల మీద నాలుగున్నర ఆంపియర్లు. ఆరు ఆంపియర్ల ప్లగ్గు ఒక్కటి సరిపోయినట్టే కనపడుతుంది గానీ, దాని మీదే ఎవరో చాయ్ కెటిల్ పెడతారు. రెండు వేర్వేరు ప్లగ్గుల నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సులు లాగండి. మూడోది, ల్యాబు సిస్టంలు ఆఫ్ చేయగానే పాత స్థితికి పోయే రకమా అని అడగండి. అయినా భయం లేదు, రాసిందంతా సర్వరు మీదే ఉంటుంది. కీబోర్డు అమరిక మాత్రం ప్రతిసారీ మళ్లీ పెట్టుకోవాలి.

ఫైర్‌ఫాక్స్ నైట్లీని, అంటే రోజూ కొత్తగా వచ్చే పరీక్ష వెర్షనును, ఒకరోజు ముందే పెన్‌డ్రైవులో వేసుకోండి. పూర్తి ఇన్‌స్టాలరు కావాలి. సైటులో ముందు కనపడే చిన్న ఫైలు ఉత్త స్టబ్, అది ప్రతి సిస్టం మీదా మళ్లీ మొత్తం దింపుకుంటుంది. పదహారు సిస్టంలు ఒకేసారి దింపితే ల్యాబు నెట్ అక్కడే కూలబడుతుంది.

ఖాతాలు ఇంటి దగ్గరే తెరుచుకుని రమ్మనండి. ఒకే కనెక్షన్ నుంచి పదహారు మంది ఒకేసారి తెరవబోతే సర్వరుకు అనుమానం వచ్చి కాసేపు ఆగమనొచ్చు. పైగా నిర్ధారణ కోడు మెయిలుకు వస్తుంది, సగం మందికి మెయిలు పాస్‌వర్డు గుర్తుండదు. దీనికే ముప్పావు గంట పోతుంది.

టైపింగ్ కూడా అంతే, ముందే తేల్చుకోవాలి. విండోస్ 10, 11లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు లోపలే ఉంది, భాషల సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుంటే వస్తుంది. ఉబుంటు అయితే ఐబస్ అనే టైపింగ్ పనిముట్టుతో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోవాలి. అందులో ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, ఇన్‌స్క్రిప్ట్ అనే మూడు టైపింగ్ పద్ధతులూ ఉంటాయి. ఏదీ రానివాళ్లు, ఇంగ్లిషు అక్షరాలను తెలుగు చేసే లేఖిని సైటులో రాసి అతికించవచ్చు. ఫోనులో వేగంగా రాసేవాళ్లను ఫోనుతోనే రానివ్వండి, నామోషీ ఏమీ లేదు.

ఇక అసలు పని. పాంటూన్ తెరవగానే అందరూ ఒకే ప్రాజెక్టులో 'మిస్సింగ్' (ఇంకా తెలుగు కానివి) నొక్కి పైనుంచి మొదలుపెడతారు. పద్నాలుగు మందికీ ఒకే వరస కనపడుతుంది. గంట తర్వాత చూస్తే మొదటి పది వాక్యాలకు తలా పద్నాలుగు సూచనలు, పదకొండోదానికి సున్నా. అందుకే ఇద్దరిద్దరిని ఏడు జంటలు చేసి, ఒక్కో జంటకు ఒక్కో ఫైలు ఇవ్వాలి: ప్రింటింగు ఒకరికి, బుక్‌మార్కులు ఒకరికి, పాస్‌వర్డులు ఒకరికి, ట్యాబులు ఒకరికి. జంటలో ఒకరు ఇంగ్లిషు బాగా వచ్చినవాళ్లు, ఇంకొకరు తెలుగు బాగా వచ్చినవాళ్లు అయితే పని నడుస్తుంది. ఇద్దరూ కంప్యూటర్ సైన్సు వాళ్లే అయితే తెలుగు మాట తట్టక ఆగిపోతారు. తెలుగు ఎం.ఏ. చదివేవాళ్లను కాకతీయ యూనివర్సిటీ నుంచి పిలవండి. వాళ్లు సాఫ్ట్‌వేర్ తెలియదని మొహమాటపడతారు, గంటలో అందరికంటే ముందుంటారు.

పాంటూన్‌లో కుడివైపు 'మెషినరీ' అనే చోట యంత్రం చేసిన అనువాదాలు వస్తాయి. నొక్కితే పెట్టెలోకి దూకుతాయి కూడా, అక్కడే జాగ్రత్త. క్లోజ్ అంటే 'దగ్గర' అంటుంది, బ్యాక్ అంటే 'వీపు', క్లియర్ అంటే 'స్పష్టమైన'. పొడవాటి వాక్యాలకు పర్వాలేదు, ఒకటి రెండు మాటల బటన్లకు అసలు పనికిరాదు. దాని పక్కనే 'లొకేల్స్' అనే చోట కన్నడ, హిందీ, తమిళం వాళ్లు ఏం రాశారో కనపడుతుంది. అర్థం తేలనప్పుడు కన్నడం చూస్తే చాలాసార్లు దారి దొరుకుతుంది.

వాక్యం మధ్యలో మీసాల బ్రాకెట్లలో పేర్లు ఉంటాయి. వాటిని తెలుగు చేయొద్దు, అక్షరం కూడా కదపొద్దు. బ్రౌజరు నడిచేటప్పుడు అక్కడికి అసలు పేరో సంఖ్యో వచ్చి కూర్చుంటుంది. తెలుగువాళ్లం బోల్తా పడేదీ ఇక్కడే. ఈ ట్యాబును ఫలానా పరికరానికి పంపు అనే వాక్యం తీసుకోండి. పరికరం పేరు 'రాము' అయితే 'రాముకు', 'లక్ష్మి' అయితే 'లక్ష్మికి'. ఏ పేరు వస్తుందో మనకు తెలియదు, బ్రౌజరుకు విభక్తులు రావు. అందుకని బ్రాకెట్టు పక్కన 'కు' గానీ 'కి' గానీ అంటించకుండా, 'అనే పరికరానికి పంపు' అని రాయాలి. రాము అనే పరికరానికి, లక్ష్మి అనే పరికరానికి, రెండూ అతుకుతాయి. 'ను', 'ని' గొడవకు కూడా ఇదే మందు. ఈ ఒక్క చిట్కా పొద్దున్నే బోర్డు మీద రాసిపెడితే సమీక్షకులకు గంట మిగులుతుంది.

సంఖ్యలు వచ్చేచోట పాంటూన్ తెలుగుకు రెండు పెట్టెలు ఇస్తుంది, ఒకటికి ఒకటి, మిగతా అన్నిటికీ ఒకటి. రెండిట్లోనూ అదే అతికిస్తే '1 ట్యాబులు' అని కనపడుతుంది.

పొల్లు సంగతి. 'పాస్‌వర్డ్' అని రాయబోతే కొన్ని కీబోర్డుల్లో 'పాస్వర్డ్' అని సకారం కింద వత్తు పడుతుంది. 'నెట్‌వర్క్' అట్లనే 'నెట్వర్క్' అవుతుంది. పొల్లు తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి పెట్టాలి, యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. లేఖినిలో, ఆర్‌టీఎస్ పద్ధతిలో ఆరు అంకె మీదుండే టోపీ గుర్తు కొడితే వస్తుంది. ఇది చూపుకు మాత్రమే సంబంధించింది అనుకోవద్దు. కంప్యూటరు దృష్టిలో ఆ రెండు పాస్‌వర్డులూ వేర్వేరు మాటలు, ఒకటి వెతికితే రెండోది దొరకకపోవచ్చు. ఎవరికీ టోపీ గుర్తు లొంగకపోతే తరచుగా వచ్చే ఇరవై మాటలు సరిగ్గా రాసి ఒక ఫైలులో పెట్టి, అక్కడి నుంచి కాపీ చేసుకోమనండి.

మెనూల్లో ఆల్ట్‌తో కలిపి నొక్కే అక్షరం అడిగే చిన్న పెట్టె ఉంటుంది. అక్కడ తెలుగు అక్షరం పెడితే మామూలు కీబోర్డులో ఎవరూ నొక్కలేరు. ఇంగ్లిషులో ఉన్నదే ఉంచేయండి. మాట పక్కన బ్రాకెట్టులో కనపడుతుంది, అందంగా ఉండదు, కానీ పనిచేస్తుంది.

బటన్లకు 'తెరువు', 'మూసివేయి', మనిషితో మాట్లాడే వాక్యాలకు 'తెరవండి', 'మూసివేయండి'. ఏ పద్ధతైనా పర్వాలేదు, ఇప్పటికే ఉన్నది చూసి దాన్నే పట్టుకోండి.

మాటల ఎంపిక దగ్గర కొట్లాట ఖాయం. బ్రౌజరును 'విహారిణి' అనాలని ఒకరు, డౌన్‌లోడును 'దింపుకోలు' అనాలని ఒకరు, అన్నీ ఇంగ్లిషే ఉంచుదామని మూడో మనిషి. నా వరకు కొలత ఒకటే: మీసేవ కౌంటరు ముందు నిలబడ్డ మనిషి ఆ మాట చదివి, ఎవరినీ అడగకుండా బటను నొక్కగలగాలి. 'చరిత్ర' నిలబడుతుంది, 'విహారిణి' నిలబడదని నా అనుకోలు. అయినా మీకు నచ్చలేదని ఒక్క చోట మార్చకండి. ఒక తెరలో 'సెట్టింగులు', ఇంకో తెరలో 'అమరికలు' ఉంటే రెండు మంచి మాటలూ కలిసి మనిషిని దారి తప్పిస్తాయి. మార్చాలంటే జట్టుతో చర్చించి, పాంటూన్‌లో ఆ మాట ఎక్కడెక్కడ ఉందో వెతికి, అన్ని చోట్లా మార్చాలి. శిబిరం రోజు ఒక్కో మాట మీద ఐదు నిమిషాలకు మించి వాదన పెట్టుకోవద్దు. తేలకపోతే కాగితం మీద రాసి పక్కన పెట్టండి.

సర్టిఫికెట్ల గురించి ఒక మాట. ఎన్ని వాక్యాలు చేస్తే అంత పెద్ద సర్టిఫికెట్ అని చెప్పారంటే మెషినరీ నుంచి వందల కొద్దీ అతుకుతారు. ఇవ్వక తప్పదంటే వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒకే రకం ఇవ్వండి. ఫైర్‌ఫాక్స్ బొమ్మతో టీషర్టులు వేయించి అమ్మే ఆలోచన కూడా వద్దు. కోడు అందరిదీ గానీ పేరు, గుర్తు మొజిల్లా ట్రేడ్‌మార్కులు, వాటికి వేరే నియమాలున్నాయి.

మధ్యాహ్నం బిర్యానీ పెడితే మూడింటి దాకా పని సాగదు. పెరుగన్నం, పులిహోర చాలు, నాలుగింటికి సర్వపిండి ముక్కలు, చాయ్. నీళ్లకు 20 లీటర్ల క్యాన్ ఒకటి, ఎండాకాలమైతే రెండు.

భోజనం తర్వాత కళ్లు మూతపడే గంటకు కామన్ వాయిస్ బాగుంటుంది. మొజిల్లా 2017లో మొదలుపెట్టిన గొంతుల సేకరణ ఇది, తెలుగూ ఉంది. తెర మీద వచ్చే వాక్యం చదివి రికార్డు చేయాలి, ఇతరులు చదివింది విని సరిగ్గా ఉందో లేదో చెప్పాలి. ల్యాబులో పద్నాలుగు మంది ఒకేసారి చదివితే ఎవరి గొంతూ దక్కదు. వరండాలో, ఖాళీ క్లాసురూముల్లో విడివిడిగా కూర్చోవాలి. ఫ్యాను ఆపాలా అని అడుగుతారు. వరంగల్ ఎండలో ఆపమనే ధైర్యం ఎవరికుంది? మాట స్పష్టంగా వినపడితే కొంచెం చప్పుడున్నా పర్వాలేదు, ఫ్యాను కింద కాకుండా పక్కకు జరిగితే చాలు. 19 ఏళ్లు నిండనివాళ్లకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, ఫస్టియర్ పిల్లలను పిలిస్తే ఈ సంగతి ముందే చూసుకోండి.

యాస మనదే ఉండాలి, మాట మాత్రం తెర మీదిదే ఉండాలి. 'వస్తున్నాడు' అని ఉంటే 'వస్తుండు' అని చదివితే ఆ రికార్డు తప్పు కింద పోతుంది. 'వస్తుండు' కూడా కంప్యూటరుకు వినపడాలంటే దారి వేరే ఉంది: మన మాటల్లో వాక్యాలు రాసి చేర్చడం. పదిహేను మాటలు దాటొద్దు, అంకెలు వద్దు, పొడి అక్షరాలు వద్దు. ఆ వాక్యాలన్నీ సీసీ జీరో కింద, అంటే ఏ హక్కూ ఉంచుకోకుండా ఇచ్చేయాలి. అందుకే పేపరు వార్తలు, కథలు, వికీపీడియాలో కాకతీయుల వ్యాసం ఎత్తి పెట్టకూడదు, వికీపీడియా లైసెన్సు వేరు. సొంతంగా రాయాలి. అమ్మమ్మ మాట్లాడినట్టు ఒక్కొక్కరు పది వాక్యాలు రాయమంటే నవ్వుతూ రాస్తారు.

కోడు రాస్తామనే పిల్లలు ఇద్దరు ముగ్గురు తప్పకుండా వస్తారు. శిబిరంలో ఫైర్‌ఫాక్స్ బిల్డు, అంటే కోడు నుంచి బ్రౌజరును తయారుచేసే పని, మొదలుపెట్టనీయకండి. 30, 40 జీబీ ఖాళీ కావాలి, ల్యాబు సిస్టం మీద గంటలు పడుతుంది. వాళ్లకు బగ్గులు వెతికే పని ఇవ్వండి: తెలుగు సైట్లు నైట్లీలో తెరిచి, ఏది సరిగ్గా రాకపోతే దాన్ని కొత్త ప్రొఫైలులో, అంటే పాత సెట్టింగులు, యాడ్‌ఆన్లు ఏవీ లేకుండా, మళ్లీ చూసి, అప్పుడూ అదే తప్పుంటే మెనూలోని 'సైటు పనిచేయట్లేదు' అనే నివేదికతో పంపడం. యాడ్‌ఆన్ వల్ల వచ్చిన తప్పును బ్రౌజరు నెత్తిన వేయకుండా కొత్త ప్రొఫైలు కాపాడుతుంది.

మూడున్నరకు రాయడం ఆపించి, సమీక్షలో కాదన్నవి ఎందుకు కాదన్నారో ఏడు జంటలకూ చూపించండి. మిగిలిపోయినవి ఏవైనా ఉంటే వారంలోపు తేల్చాలి. వారం దాటితే రాసినవాళ్లు మరిచిపోతారు, అడిగినా జవాబు రాదు.

ఆమోదమైన వాక్యాలు మామూలుగా ఒకటి రెండు రోజుల్లో నైట్లీలో కనపడతాయి. నైట్లీని తెలుగులో పెట్టుకుని, తమ ఫైలులోని తెరను ఎవరికి వాళ్లు తెరిచి చూడాలి. పాంటూన్‌లో కనపడనివి ఇక్కడ బయటపడతాయి: గుడి మీద గీత తెగిపోవడం, వత్తు బటను అంచు కింద దాక్కోవడం, మాట రెండో వరసకు జారడం. ఒకే పెట్టెలో రెండు బటన్లకూ 'దాచు' అని కూడా రావచ్చు. సేవ్‌కు ఒక జంట, హైడ్‌కు ఇంకో జంట విడివిడిగా రాశారు, రెండూ తప్పు కాదు, పక్కపక్కన పెడితేనే తప్పు. సేవ్‌ను 'భద్రపరుచు' చేసి, 1366 చుక్కల వెడల్పున్న ల్యాబు మానిటరు మీద ఆ మాట బటనులో పడుతుందో లేదో మళ్లీ చూసుకోవాలి.